పిన్ని చెప్పిన చదువు: సూది, ముగ్గు, బొంతల సింహావలోకనం

కన్నెపిల్లకు కళలు నేర్పవలసింది ఎవరు? పదిహేను వందల ఏళ్లకు పైగా కిందట వాత్స్యాయనుడు తన ‘కామసూత్రాల్లో’ ఈ ప్రశ్న వేసుకుని జవాబు కూడా రాశాడు. తనతో పాటు పెరిగి పెళ్లయిన దాది కూతురు, దాపరికం లేకుండా మాట్లాడే నేస్తం, ఈడుకు తగిన పిన్ని, నమ్మకస్తురాలైన ముసలి దాసి, పరిచయమున్న భిక్షుకి, అక్క. ఈ జాబితాలో గురుకులం లేదు, పండితుడు లేడు, గంట కొట్టే బడి లేదు. ఆయన లెక్కపెట్టిన అరవై నాలుగు కళల్లో ఆటపాటలతో పాటు సూదిపని ఉంది. బియ్యంతో, పూలతో నేల మీద తీర్చే బొమ్మలున్నాయి. దండలు గుచ్చడం, సువాసన ద్రవ్యాలు కలపడం, నగలు అమర్చడం, వెదురు బద్దలతో అల్లడం ఉన్నాయి. ఆ పుస్తకం పేరు వినగానే ముఖం తిప్పుకునేవారు కూడా ఆ ఒక్క అధ్యాయం చదివితే బాగుండు. ఆడపిల్ల చేతిపనిని విద్య అని పేరుపెట్టి లెక్కలోకి తెచ్చిన పాత రాత మనకు ఇంత స్పష్టంగా మరొకటి దొరకడం కష్టం.

నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్లలో, తాండాల్లో ఇప్పటికీ ఆ ఉపాధ్యాయులే ఉన్నారు. పిన్ని, అక్క, అమ్మమ్మ, పక్కింటి పెద్దమ్మ. జీతం లేదు, పేరు లేదు, హాజరు పట్టీ లేదు. వాళ్లు నేర్పినదాన్ని ఈ ఒక్క ప్రాంతం నుంచి వెనక్కి తిరిగి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. నారాయణఖేడ్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఇది భాషల కూడలి. 1956లో రాష్ట్రాలు విడదీసేదాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలోని కొన్ని తాలూకాలు మైసూరుకు, కొన్ని బొంబాయికి పోగా, ఇది జహీరాబాద్‌తో కలిసి మెదక్ జిల్లాకు వచ్చింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. తెలుగు, కన్నడ, మరాఠీ, దక్కనీ ఉర్దూ, తాండాల గోర్ బోలి ఒకే అంగట్లో వినపడే చోటు ఇది. సరిహద్దులు మారినా సూది పట్టే తీరు మారలేదు.

ఇక్కడికి దూరం కాని కల్యాణి, ఇప్పుడు బసవకల్యాణ్ అంటున్న ఊరు, 12వ శతాబ్దంలో పశ్చిమ చాళుక్యుల రాజధాని. అక్కడ 1126 నుంచి 1138 దాకా ఏలిన మూడో సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’ అనే మహా సంగ్రహాన్ని కూర్చాడు. అయిదు భాగాలు, భాగానికి ఇరవై చొప్పున నూరు అధ్యాయాలు. రాజ్యం ఎలా నడపాలో చెప్పిన చేత్తోనే వంటలు, చిత్రలేఖనం, ఆటలు, పాటలు కూడా రాశాడు. రంగుపొడులతో నేల మీద వేసే బొమ్మకు అందులో ‘ధూళిచిత్రం’ అని పేరుంది. వాకిట్లో వేసే ముగ్గుకు శాస్త్రం పెట్టిన పేరు అది. దంచేటప్పుడు మహారాష్ట్ర స్త్రీలు పాడుకునే ఓవి పాటను కూడా ఆయన వదల్లేదు.

రాజు ఇవన్నీ పుస్తకానికెక్కించిన కొన్నేళ్లకే అదే కల్యాణిలో మరో సంగతి జరిగింది. బసవేశ్వరుడి చుట్టూ చేరిన శివశరణుల్లో నూలు వడికే కదిరె రెమ్మవ్వ ఉంది, వడ్లు దంచే కొట్టణద సోమమ్మ ఉంది, రాలిన బియ్యం ఏరుకునే ఆయ్దక్కి లక్కమ్మ ఉంది. వీళ్లు వచనాలు చెప్పారు. తమ పనినే ఉపమానం చేసుకుని దేవుడితో మాట్లాడారు. రాజు ఇంటిపనిని బయట నిలబడి వర్ణించాడు, వీళ్లు ఆ పని లోపలి నుంచి పలికారు. కదురు తిప్పే చెయ్యి తన పేరుతో మాట మిగుల్చుకున్న సందర్భాలు మన చరిత్రలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నాకు రెమ్మవ్వ పేరు తలచుకున్నప్పుడల్లా, ఆ తర్వాతి ఎనిమిది వందల ఏళ్లలో ఇదే నేల మీద పేరు లేకుండా పోయిన రెమ్మవ్వలు ఎందరో అనిపిస్తుంది.

వాళ్ల బడి ఇల్లే. మట్టి ఇల్లు ప్రతి ఏడూ మళ్లీ కట్టుకోవలసిన ఇల్లు. వానలకు గోడ కరిగితే మట్టి మెత్తాలి, పెండతో అలకాలి, జాజు పూయాలి, సున్నంతో అంచు తీర్చాలి. ఏ మట్టికి ఎంత పెండ కలిపితే బీటలు పడవో ఎవరూ రాసి పెట్టలేదు. చేతికి తగిలే జిగురును బట్టి తెలుస్తుంది. తెల్లవారకముందే వాకిట్లో సాన్పి చల్లడం, తడి ఆరకముందే ముగ్గు పెట్టడం ఏడెనిమిదేళ్ల పిల్లకు మొదటి పాఠం. ముగ్గుపిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఒకే సన్నపు ధారగా విడవాలంటే నెలల సాధన కావాలి. చుక్కలు తప్పకుండా పెట్టడం, బయలుదేరిన గీత ప్రతి చుక్కనూ చుట్టి మళ్లీ మొదటి చోటికే వచ్చి కలవడం, ఇదంతా లెక్క. పలక పట్టని పిల్ల కూడా ఆ లెక్క తప్పేది కాదు. 1970లలో మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ తమిళుల ముగ్గులను కంప్యూటర్ శాస్త్రానికి చెందిన చిత్రవ్యాకరణాలతో పరిశీలించి పత్రాలు ప్రచురించారు. చుక్కల ముగ్గుకు వ్యాకరణం ఉందని ప్రపంచానికి అప్పుడు తెలిసింది. వాకిట్లో ఉన్నవాళ్లకు అది ముందే తెలుసు, దాన్ని వ్యాకరణం అంటారని మాత్రం తెలియదు.

పిల్లలకు ప్రత్యేకంగా పెట్టిన పరీక్షలా ఉండే పండుగ బొడ్డెమ్మ. భాద్రపద బహుళ పంచమి నాడు మొదలవుతుంది. పెళ్లికాని పిల్లలు పుట్టమన్ను తెచ్చి, పీట మీద మెట్లు మెట్లుగా పేర్చి, జాజుతో అలికి, సున్నం బొట్లు పెట్టి, పూలతో అలంకరిస్తారు. పెద్దవాళ్లు పక్కన కూర్చుంటారు గాని చెయ్యి పెట్టరు. మెట్టు ఒరిగితే పిల్లే సరిచేసుకోవాలి. మహాలయ అమావాస్య నాటికి ఆ పాఠం ముగిసి బతుకమ్మ మొదలవుతుంది. ఇక పూలు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, గునుగు కాడలను ఒకే కొలతకు కత్తిరించి, కట్టలు కట్టి, కొసలను రంగునీళ్లలో ముంచి, తంగేడుకూ బంతికీ కట్లపూలకూ వరుసలు పంచాలి. ఒక్కో వరుస కింది వరుస కంటే వెంట్రుకవాసి లోపలికి రావాలి. లోపలికి మరీ వస్తే బతుకమ్మ పొట్టిదవుతుంది, రాకపోతే పక్కకు ఒరుగుతుంది. నడుమ ఆకులూ కాడలూ కూరి గట్టి చేయాలి. బరువు, వాలు, సమతూకం అన్న మాటలేవీ వాడకుండా ఆ మూడింటినీ నేర్పుతుంది పెద్దమ్మ. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. ఆ గౌరవం పండుగకు దక్కింది. పేర్చడం నేర్పిన చేతుల గురించి మాత్రం ఎక్కువమంది మాట్లాడలేదు.

ఈ నల్లరేగడి సీమలో వంటింటి మొదటి విద్య జొన్నరొట్టె. గోధుమపిండికున్న సాగుడు గుణం జొన్నకు లేదు, కనుక కర్రతో వత్తితే చీలిపోతుంది. వేడినీళ్లతో పిసికి, అరచేత్తో తడుతూ, తిప్పుతూ, అంచు పగలకుండా పెంచాలి. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు రాయాలి. దీన్ని కళల్లో ఎందుకు చేర్చానని అడగవచ్చు. సమవర్తులంగా, ఒకే మందంతో, కొలత పరికరం లేకుండా రోజుకు ఇరవై సార్లు ఒక ఆకారం సృష్టించడం కుమ్మరి చక్రం మీద జరిగితే కళ అంటాం. పొయ్యి ముందు జరిగితే పని అంటాం. ఆ తేడాను నేను ఒప్పుకోలేను.

బొంత దగ్గర కాసేపు ఆగాలి. చలికాలం ఈ పీఠభూమిలో గట్టిగానే ఉంటుంది. రగ్గు కొనలేని ఇంట్లో చినిగిన చీరలు, ధోవతులు, పిల్లల అంగీలు కలిసి బొంతవుతాయి. నేల ఊడ్చి, కింద గట్టి చీర పరిచి, దాని మీద ముక్కలు ముడత లేకుండా అమర్చి, పైన మరో చీర కప్పి, నలుగురు ఆడవాళ్లు నాలుగు మూలలా కూర్చుంటారు. అంచు మడిచి సూది పైకీ కిందికీ పోయే సూటికుట్టుతో మొదలై, వరుస వెంట వరుస లోపలికి సాగుతుంది. పిల్లలకు ముందు దారం ఎక్కించే పని, తర్వాత అంచు, ఆ తర్వాతే నడిమి వరుసలు. కుట్టు పొడుగైతే నలుగురి ముందూ విప్పిస్తారు. బెంగాల్లో కాంతా, బిహార్లో సుజనీ, పక్కనే కర్ణాటకలో కౌది అన్నీ ఈ కుటుంబంవే. కాంతాకు ప్రదర్శనశాలలు దొరికాయి. మన బొంత మంచం మీదే అరిగిపోయింది. చనిపోయిన అమ్మమ్మ చీర ఏ మూలన ఉందో ఆ ఇంటి మనవరాలికి తెలుసు. ఆ గుర్తు పోగానే బొంత మాసిన గుడ్డవుతుంది.

కన్నడ ఇళ్లలో కసూతి అనే కుట్టుపని ఉండేది. ఆ పనికి పుట్టిల్లు ధార్వాడ సీమ. గవంతి, ముర్గి, నేగి, మెంతె అని నాలుగు కుట్లు. గవంతి, ముర్గి కుట్లలో ముడి వేయరు, ముందూ వెనకా ఒకేలా కనిపించాలి. గోపురాలు, తులసికోటలు, రథాలు, ఏనుగులు బట్ట పోగులు లెక్కపెట్టి కుడతారు. గీసుకుని కుట్టడం ఉండదు.

ముస్లిం ఇళ్లలో జరీ, సల్మా, సితారా పని, కార్చోబ్ చట్రం మీద బిగించిన బట్ట, పాన్‌దాన్ గిలాఫులు, మెహందీ ఉండేవి. ఇక్కడ ఒక పుస్తకం గుర్తుచేసుకోవాలి. 1869లో డిప్యూటీ నజీర్ అహ్మద్ రాసిన ఉర్దూ నవల ‘మిరాత్-ఉల్-ఉరూస్’లో అస్గరీ అనే ఇల్లాలు తన ఇంట్లోనే ఆడపిల్లలకు బడి పెడుతుంది. చదువూ కుట్టుపనీ వంటా అక్కడ కలిసి నడుస్తాయి. ఆ రచయితే తర్వాత దివాను సాలార్‌జంగ్ పిలుపు మీద వచ్చి నిజాం కొలువులో పనిచేశాడు. ఆ నవలలో ఇంటిపని మాటున అక్షరం లోపలికి వచ్చింది. మన పల్లెల్లో చాలాకాలం అలా జరగలేదు. సూది ఇచ్చిన చేత్తో పలక ఇవ్వలేదు. ఇది దాచవలసిన సంగతి కాదు. పదకొండేళ్లకు పెళ్లి చేసి పంపే పిల్లకు అత్తవారింట మాట పడకుండా ఉండేందుకు నేర్పిన విద్య ఇది. ఇష్టంతో నేర్చినవాళ్లు ఉన్నారు, వేళ్లు పొడుచుకుంటూ భయంతో నేర్చినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులో కూడా ఇదే కథ. అక్కడ పిల్లలు గుడ్డ ముక్క మీద కుట్లన్నీ వరసగా కుట్టి చూపే అలవాటు ఉండేది. తేదీ ఉన్నవాటిలో ఇప్పటికి తెలిసిన పాతది జేన్ బోస్టాక్ అనే స్త్రీ 1598లో కుట్టినది, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆమె దాని మీద తన పేరు కుట్టింది. అక్షరం వచ్చినందువల్లే ఆమె మనకు మిగిలింది.

అక్షరం లేకుండానే సంతకం చేసినవాళ్లు మాత్రం తాండాల్లో ఉన్నారు.

నారాయణఖేడ్ ప్రాంతమంటే తాండాల ప్రాంతం. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఉత్తర దేశం నుంచి దక్కను దాకా తిరిగిన వర్తకులు. మొగలు సైన్యాలు దక్కనుకు వచ్చినప్పుడు వాటికి తిండిగింజలు మోసింది వీళ్ల బిడారులే. నిలకడ ఇల్లు లేదు కనుక గోడ అలకడం, గడప తీర్చడం వీళ్లకు లేవు. గోడ మీద పెట్టవలసిన అందమంతా ఒంటి మీద, ఎద్దు మీద, సంచి మీద పెట్టారు. కుచ్చుల ఫేటియా లంగా, వీపున దారాలతో ముడివేసే కాంచళి రవిక, తల మీద కప్పే టుక్రీ. వాటి నిండా అద్దాలు, గవ్వలు, నాణేలు, ఉన్ని కుచ్చులు. నీళ్లబిందె కింద పెట్టే సుట్టబట్టకు కూడా గవ్వలు కుట్టి, వెనక వేలాడే గుడ్డను అద్దాలతో నింపేవారు. మాల్దీవుల సముద్రం నుంచి వచ్చి ఒకప్పుడు చిల్లరగా చెలామణి అయిన గవ్వ, మంజీర ఒడ్డున నీళ్లు మోసే పిల్ల తల మీద కూర్చుంది. వాళ్ల వర్తకపు చరిత్ర మొత్తం ఆ గవ్వలో ఉంది.

పిల్ల సూది పట్టే వయసు నుంచి తన పెళ్లి బట్టలు తానే కుట్టుకునేది. అది ఒక నెల పని కాదు, ఏళ్ల పని. అద్దం చుట్టూ ముందు దారంతో గళ్లు వేసి బిగించి, ఆ గళ్లను పట్టుకుని గుండ్రంగా అల్లాలి. గళ్లు వదులైతే అద్దం రాలుతుంది, బిగువైతే బట్ట ముడుచుకుంటుంది. కర్ణాటకలోని సండూరు లంబాణీ (లంబాడీలకు అక్కడి పేరు) పనిలో పద్నాలుగు రకాల కుట్లు లెక్కపెట్టారు. కీలన్, వేలే, బక్కియా, మాకి, రేలో, నక్రా వాటిలో కొన్ని. తల్లి కుట్టు చూసి కూతురు, కూతురి కుట్టు చూసి చెల్లెలు నేర్చుకున్నారు. నమూనా పుస్తకం లేదు, తల్లి ఒంటి మీది కాంచళే నమూనా. శ్రావణంలో తీజ్ వస్తే పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఆ తొమ్మిది రోజులూ పాట, ఆట, కుట్టిన బట్టల ప్రదర్శన.

ఏడ్వడం కూడా నేర్పేవారు. అవును, పెళ్లికూతురు పుట్టింటిని వదిలేటప్పుడు పాడుతూ ఏడ్చే ఢావ్లో పాటను పెళ్లికి ముందు పెద్దామెలు కూర్చోబెట్టి నేర్పిస్తారు. ఎక్కడ గొంతు ఎత్తాలి, ఎవరి భుజం పట్టుకుని ఎవరి పేరు తేవాలి అన్నదానికి పద్ధతి ఉంది. ఎద్దు మీద నిలబడి తాండా క్షేమం కోరుతూ పాడే హవేలీ మరొకటి. దుఃఖానికి రూపం ఇవ్వడం కన్నా పెద్ద కళ ఏముందో నాకు తెలియదు.

ఈ విద్య బలహీనపడడానికి కారణాలు సూదిలో లేవు. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్ దాకా రైలు నడిచింది, రోడ్లు పడ్డాయి, ఎద్దుల బిడారులకు పని పోయింది. బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి నేరస్థ తెగల చట్టం సంచార జాతుల మీద అనుమానపు ముద్ర వేసింది, 1952 దాకా అది తొలగలేదు. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యపు కులాల మీద రాసిన గ్రంథంలో బంజారాల పేరుతో వీళ్లకు చోటు దొరికింది. తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చింది మాత్రం 1976 చట్టంతోనే. అప్పటికే చాలా తాండాల్లో చిన్నవాళ్లు చీరకు మారారు. ఫేటియా బరువు, ఉతకడం కష్టం, అన్నిటికీ మించి బస్సులో బడిలో ఎగతాళి. ఇక చెరుకు. ఈ ప్రాంతపు తాండాల నుంచి దసరా, దీపావళి దాటగానే కుటుంబాలకు కుటుంబాలు చెరుకు కోతకు వలసపోతాయి. సగం ఏడాది చక్కెర మిల్లు గుడిసెల్లో గడుస్తుంది. తెల్లవారుజామున కొడవలి పట్టిన చెయ్యి రాత్రి సూది పట్టలేదు. పిల్లల బడితో పాటు పిన్ని బడి కూడా అప్పుడే మూతపడుతుంది.

బయట మరో మార్గం తెరుచుకుంది, అది డబ్బు మార్గం. గోదావరి జిల్లాల్లో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురంలో పెద్ద ఎగుమతి పరిశ్రమ అయింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ అల్లికదార్ల మీద పుస్తకం రాసింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే స్త్రీని వ్యాపారులు తీరికవేళ సరదాకు అల్లుకునే ఇల్లాలిగా లెక్కకట్టి కూలి తగ్గించారని ఆమె చూపించింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు వచ్చింది, సంతోషమే. కూలి లెక్క మాత్రం పాతదే వెంటాడుతోంది. ఇంట్లో నేర్చిన విద్య కనుక దానికి ధర లేదన్న ఆలోచన బొంతకూ, అద్దాల కుట్టుకూ, లేసుకూ ఒకటే.

పలక కోసం గట్టిగా అడిగినవాళ్లు నారాయణఖేడ్‌కు దగ్గర్లోనే గొంతెత్తారు. 1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ జరిగింది. అంతకు రెండేళ్ల ముందు మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో తెలుగు ఆడపిల్లల బడి మొదలుపెట్టారు. ఆ పలక కోసం జరిగిన పోరాటం గెలవవలసిందే. అయితే గెలిచాక సూదిని బడిలోకి తెచ్చిన తీరు పేలవంగా ఉంది. క్రాఫ్టు పీరియడు, గృహవిజ్ఞానం, ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే టైలరింగ్, ఎంబ్రాయిడరీ లోయర్, హయ్యర్ పరీక్షలు, 1979లో ట్రైసెం, 1982లో డ్వాక్రా పథకాల కింద కుట్టు శిక్షణలు, ఊరూరా మిషన్ల పంపిణీ. వీటితో ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, ఆ మేలును తక్కువ చేయను. కానీ కత్తిరింపుల పటంలో జాకెట్టు, పెట్టీకోటు ఉన్నాయి, కాంచళి లేదు. శిక్షణ ఇచ్చే చోట సర్టిఫికెట్ ఉన్న మాస్టరు ఉంటాడు, తాండా పెద్దమ్మ ఉండదు. వాత్స్యాయనుడు పెట్టిన ఉపాధ్యాయుల జాబితాను మన ప్రభుత్వాలు తిరగేశాయి.

సండూరులో మాత్రం మరో దారి కనిపించింది. అక్కడి లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు దొరికింది. 2023 జూలైలో హంపీలో జరిగిన జీ-20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా స్త్రీలు కుట్టిన 1,755 ముక్కల ప్రదర్శన గిన్నిస్ పుస్తకానికెక్కింది. అవే ఎద్దుల బిడారుల వారసులు, అదే గోర్ బోలి, అదే అద్దం. మన వైపు తాండాల్లో అటువంటి కేంద్రం ఒకటి నడిస్తే ఎవరికి నష్టం?

ఈలోగా పాత ఫేటియాలు, కాంచళ్లు వర్తకుల చేతికి పోతున్నాయి. వాటిని ముక్కలుగా కోసి చేతిసంచులకు, దిండుగలీబులకు అతికిస్తారు. గోవా సంతల్లో, ఢిల్లీ జన్‌పథ్‌లో వేలాడుతుంటాయి. అద్దాలు మెరుస్తూనే ఉంటాయి, కానీ అది భుజం ముక్కో నడుము ముక్కో కొన్నవాళ్లకు తెలియదు, అమ్మినవాళ్లకూ తెలియదు. ఆ ముక్కను తిరగేసి లోపలి వైపు దారం పోయిన తీరు చూసి, ఇది ఎట్లా మొదలుపెట్టారో, ఎక్కడ తప్పి మళ్లీ విప్పి కుట్టారో చెప్పగల పెద్దమ్మలు తాండాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లలో కొందరు ఈ చలికాలం కూడా చెరుకు తోటల్లోనే ఉంటారు. ఉగాది నాటికి తిరిగొస్తారు.